గవర్రాజు గారికి రాని జూన్ ముప్ఫై

మా డిప్యూటీ డైరెక్టరు కొప్పిశెట్టి గవర్రాజు గారు జూన్ ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నం రిటైరు కావాలి. కాలేదు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఆయన సిద్ధంగానే ఉన్నారు. జూన్ ముప్ఫయ్యే రాలేదు.

కాకినాడలో ఉన్న మాకందరికీ వచ్చింది. ఆ రోజు మబ్బు పట్టి ఉంది, క్యాంటీన్లో పెసరట్టు వేశారు. గవర్రాజు గారికి మాత్రం రాలేదు. ఆ సంగతి ఆయనే స్వయంగా రాసి సంతకం పెట్టి ఆఫీసుకిచ్చారు. అసలు గొడవంతా అక్కడే మొదలైంది.

మాది తేనెటీగల పెంపకం ప్రోత్సాహక మండలి. రెండంతస్తుల మేడ, నలభై రెండు మంది సిబ్బంది, ఒక జీపు ఉన్నాయి. తేనెటీగలు లేవు. ఉండకూడదని నిబంధన. మండలి ఉద్యోగి గానీ, ఆ ఉద్యోగి భార్య గానీ, భర్త గానీ సొంతంగా ఈగల్ని పెంచితే రైతులకి సలహా ఇచ్చేటప్పుడు తన ఈగల పక్షం వహించే ప్రమాదం ఉందని పాతికేళ్ల కిందట ఎవరో పెద్దాయన కనిపెట్టారు. అప్పట్నుంచీ మా ఆఫీసులో ఈగను దగ్గర నుంచి చూసినవాడు లేడు.

గవర్రాజు గారు ముప్ఫై మూడేళ్లు ఈగల గురించి కరపత్రాలు రాశారు. రాణి ఈగ ఎలా ఉంటుంది, పెట్టెలో చట్రాలు ఎంత ఎడంగా అమర్చాలి, ఏ నెలలో ఏ పువ్వు పూస్తుంది, అన్నీ ఆయనకి కంఠతా వచ్చు. రిటైరైన మర్నాటి నుంచి ఇంటి పెరట్లో మునగచెట్టు కింద రెండు పెట్టెలు పెట్టుకోవాలని ఆయన కోరిక. ఇంకే కోరికా ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. పెట్టెలు కొని, లోపల ఖాళీ చట్రాలు బిగించి, పైన గోనెసంచి కప్పి ఏడాది నుంచి దాచుకున్నారు.

ఆయన సంగతి ఇంకొకటి చెప్పాలి. కాగితం మీద ఆయన అబద్ధం రాయరు. టూరు డైరీలో అందరం 'రైతులతో ముఖాముఖి' అని రాసేచోట ఆయన 'రైతులు రాలేదు, కాఫీ తాగి వచ్చాను' అని రాసేవారు. ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్లో టైపిస్టుగా ఆయన డైరీలన్నీ పదమూడేళ్లు నేనే టైపు చేశాను కాబట్టి చెబుతున్నాను.

రిటైర్మెంటుకి పది రోజులుందనగా విదేశీ శిక్షణ ఒకటి వచ్చింది. విషయం 'రాబోయే ఇరవయ్యేళ్లకు తేనె రంగంలో నాయకత్వం'. అమెరికాలో లాస్ ఏంజిలెస్‌లో నాలుగు రోజులు, అక్కణ్ణుంచి న్యూజిలాండులో ఆక్లండ్‌లో మూడు రోజులు. డిప్యూటీ డైరెక్టరు హోదా ఉన్నవారినే పంపాలన్నారు. ఆ హోదాలో ఉన్నది గవర్రాజు గారొక్కరే.

"నేను ముప్ఫైకి రిటైరవుతున్నానండి," అన్నారాయన డైరెక్టరు హిమకర్ గారితో.

"హోదా చూడమన్నారు గానీ ఆయుష్షు చూడమనలేదు కదండీ," అన్నారు డైరెక్టరు గారు. "మీరు వెళ్లకపోతే సీటు మురిగిపోతుంది. అక్కడే రిటైరవండి. అంతర్జాతీయ స్థాయిలో రిటైరైనట్టుంటుంది."

మా సూపరింటెండెంట్ పేరి అవధాని గారు బాధ్యతల అప్పగింత పత్రం ఆయన చేతిలో పెట్టారు. "ముప్ఫయ్యో తేదీ అపరాహ్ణం మీరెక్కడుంటే అక్కడే తేదీ, స్థలం వేసి సంతకం చెయ్యండి. అపరాహ్ణం అన్నది మాత్రం మర్చిపోకండి. పూర్వాహ్ణం చేస్తే చెల్లదు," అన్నారు. అవధాని గారికి నిబంధనల పుస్తకం పేజీ నంబర్లతో సహా వచ్చు. మనిషి చెడ్డవారు కారు. ఆయనకి మనుషుల కంటే పేజీలు తొందరగా గుర్తొస్తాయి, అంతే.

గవర్రాజు గారు జూన్ ఇరవై తొమ్మిది రాత్రి పది గంటలకి లాస్ ఏంజిలెస్‌లో విమానం ఎక్కారు. పదమూడు గంటలు ప్రయాణం చేసి ఆక్లండ్‌లో దిగారు. దిగేసరికి అక్కడ జూలై ఒకటి, ఉదయం ఆరు గంటలు. దారిలో పసిఫిక్ సముద్రం మీద తేదీ మారే గీత ఉంది. దాన్ని దాటగానే రోజు మారిపోతుంది. విమానంలో ముప్ఫయ్యో తేదీ మొదలైన మాట నిజమే గానీ దానికి తెల్లవారలేదు. తెల్లవారకముందే ఒకటో తేదీ అయిపోయింది. మధ్యాహ్నం సంగతి సరేసరి.

ఆయన అప్పగింత పత్రం జేబులో పెట్టుకుని విమానాశ్రయంలో గోడ మీదున్న తేదీ వంక కాసేపు చూసి, పత్రాన్ని మళ్లీ మడిచి సంచిలో పెట్టేసుకున్నారట. ఇంకొకరైతే వెనకటి తేదీ వేసి పంపేసేవారు. నేనైతే తప్పకుండా వేసేవాణ్ణి.

*

జూలై ఆరో తేదీన ఆయన ఆఫీసుకొచ్చి రెండు కాగితాలిచ్చారు. మొదటిది టూరు డైరీ. అందులో ఇలా ఉంది.

'జూన్ 29: లాస్ ఏంజిలెస్ నుంచి బయలుదేరాను. జూన్ 30: రాలేదు. జూలై 1: ఆక్లండ్ చేరాను.'

అవధాని గారు కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివారు.

"రాలేదంటే ఎవరండీ రానిది? మీరా, తేదీయా?"

"తేదీ రాలేదండి. నేను వచ్చాను."

"తేదీ ఎందుకు రాదండీ? క్యాలెండర్లో ఉందిగా."

గవర్రాజు గారు బల్ల మీదున్న నిమ్మకాయ తీసుకుని, పెన్నుతో దాని మీద ఒక గీత గీసి, భూమి ఎలా తిరుగుతుందో పావుగంట చెప్పారు. అవధాని గారు శ్రద్ధగా విన్నారు.

"ఆ గీత ఎవరు గీశారండీ?"

"దేశాలన్నీ కలిసి అనుకున్నాయండి."

"దాని మీద మనకి జీవో ఏమైనా వచ్చిందా?"

"రాలేదనుకుంటానండి."

"మరి జీవో లేని గీతకి మీరు రోజునెలా వదిలేశారు?"

అవధాని గారు నిమ్మకాయను సాక్ష్యంగా కవరులో పెట్టి, దానికొక నంబరు వేయమని నాకిచ్చారు.

రెండో కాగితం ఇంకా చిక్కైనది. 'నేను రిటైరవుతానన్న నమ్మకంతో నా భార్య జూలై రెండున పెద్దాపురం నుంచి ఈగలు తెప్పించి మా పెరట్లోని రెండు పెట్టెల్లో పెట్టించినది. నేను రిటైరు కానందున ఈ విషయం మండలి దృష్టికి తెచ్చుచున్నాను' అని ఉంది.

అవధాని గారు తలెత్తారు. "ఇది చెప్పకపోతే మాకు తెలిసేది కాదు కదండీ."

"తెలియకపోవడం వేరు, లేకపోవడం వేరండి," అన్నారు గవర్రాజు గారు.

*

మర్నాడు డైరెక్టరు గారి గదిలో సమావేశం జరిగింది. నేను నోట్సు రాసుకోవడానికి కూర్చున్నాను. అసిస్టెంట్ డైరెక్టరు దూసనపూడి రత్నకుమారి గారు కూడా వచ్చారు. గవర్రాజు గారు లేవగానే ఆ కుర్చీలో కూర్చోవలసింది ఆవిడే. పదకొండేళ్లుగా ఎదురుచూస్తున్నారు. సెప్టెంబరు నెలాఖరులోపు కూర్చోకపోతే ఆవిడ పేరున్న ప్రమోషన్ల జాబితాకి గడువు తీరిపోతుంది. మళ్లీ జాబితా ఎప్పుడు వేస్తారో వేసేవారికే తెలియదు.

అవధాని గారు నిబంధన చదివారు. "'ప్రతి ఉద్యోగియు తన వయఃపరిమితి ముగియు మాసము యొక్క చివరి దినమున, అపరాహ్ణమందు విరమించవలెను.' వీరికి చివరి దినం లేదు. దినం లేనప్పుడు అపరాహ్ణం లేదు. అపరాహ్ణం లేనప్పుడు విరమణ లేదు. పేజీ నూట పద్నాలుగు."

"ఇంత చిన్న విషయానికి ఇంత చర్చెందుకు సార్," అన్నారు రత్నకుమారి గారు. "మన టైము ప్రకారం లెక్కేద్దాం. మనకి ముప్ఫయ్యో తేదీ మధ్యాహ్నమైనప్పుడు సార్ విమానంలో ఉన్నారు. ఉన్నారుగా? మన మధ్యాహ్నానికే రిటైరైపోయారు. అయిపోయింది."

డైరెక్టరు గారి ముఖం వికసించింది. అవధాని గారి ముఖం వికసించలేదు.

"మన టైము ప్రకారమే లెక్కేద్దామమ్మా. మన ఆఫీసు పదిన్నర నుంచి ఐదు. ఆ వేళకి అమెరికాలో రాత్రి. అంటే వీరు మన ఆఫీసు వేళల్లో నాలుగు రోజులూ ఏం చేస్తున్నట్టు?"

అందరం గవర్రాజు గారి వైపు చూశాం.

"నిద్రపోతున్నానండి," అన్నారాయన.

"రాసుకో," అన్నారు అవధాని గారు నాతో. "మన టైము ఒప్పుకుంటే నాలుగు రోజులు విధి నిర్వహణలో నిద్ర. క్రమశిక్షణ చర్య పెండింగులో ఉన్న ఉద్యోగిని రిటైరు చేయకూడదు. పేజీ నూట ముప్ఫై ఒకటి. అక్కడి టైము ఒప్పుకుంటే ముప్ఫయ్యో తేదీ లేదు. ఏ టైము కావాలో మీరే చెప్పండి."

రత్నకుమారి గారి చేతిలో ఉన్న పెన్సిలు మొన విరిగింది.

డైరెక్టరు గారు నిర్ణయాలు తీసుకునే మనిషి. 'లుప్త దిన పరిశీలనా సంఘం' అని ఒక సంఘం వేసి అవధాని గారిని అధ్యక్షుణ్ణి చేశారు. సంఘం మొట్టమొదట విమాన సంస్థకి లేఖ రాసింది. 'పై రెండు విమానాశ్రయముల మధ్య దూరమెంత, పట్టిన కాలమెంత, దారిలో ఎచ్చటనైనను ఒక దినము జారిపడినట్లు సిబ్బంది గమనించిరా' అని. వారం తిరిగేసరికి జవాబొచ్చింది. దూరం పదివేల నాలుగువందల ఎనభై కిలోమీటర్లు. కాలం పదమూడు గంటలు. మూడో ప్రశ్నకి, పోయిన సామాను కోసం నింపాల్సిన ఫారం ఒకటి జతచేశారు.

అవధాని గారు కాగితం మీద లెక్క వేశారు. ఇరవై తొమ్మిది రాత్రి పది నుంచి ఒకటో తేదీ ఉదయం ఆరు దాకా ముప్ఫై రెండు గంటలు. విమానం గంటకి మూడువందల ఇరవై ఏడు కిలోమీటర్లే వెళ్లినట్టు.

"విమానం దారిలో ఎక్కడో ఆగి ఉంటుంది," అన్నారు.

"సముద్రం మీద ఎక్కడాగుతుందండీ?" అన్నారు గవర్రాజు గారు.

"అదే మేమూ అడుగుతున్నాం. ముప్ఫై రెండులోంచి పదమూడు పోతే పందొమ్మిది గంటలు. అది ప్రభుత్వ సమయం. ఎక్కడ ఉంచారో చెప్పాలి కదా."

నేను మెమో టైపు చేశాను. 'పందొమ్మిది గంటల ప్రభుత్వ సమయమును తమరు ఎచ్చట, ఎవరి అధీనమున ఉంచినదీ మూడు దినములలో వివరించవలెను.' గవర్రాజు గారు అరగంటలో జవాబిచ్చారు. 'నా దగ్గర లేదు. సంచి కూడా వెతికాను.' నిజంగానే వెతికారని తర్వాత ఆయన భార్య భాగ్యవతి గారు చెప్పారు.

*

సంఘం మధ్యంతర నివేదిక ఇచ్చింది. ముప్ఫయ్యో తేదీ వచ్చేవరకూ గవర్రాజు గారికి ఇరవై తొమ్మిదే నడుస్తున్నట్టు భావించాలన్నది దాని సారాంశం. ఉత్తర్వు వచ్చింది. ఆ రోజు నుంచి హాజరుపట్టీలో ఆయనకి వేరే పేజీ పెట్టారు. జూన్ 29 (1), జూన్ 29 (2), జూన్ 29 (3), అలా వెళుతుంది. మేమందరం జూలైలో ఉండగా ఆయన వచ్చి జూన్‌లో సంతకం పెట్టేవారు. ఆయన ఫైళ్ల మీద జూన్ ఇరవై తొమ్మిది అని రాస్తే, మేం జూలై పదిహేడున ముట్టినట్టు రాసుకునేవాళ్లం. పై ఆఫీసు నుంచి ఒకరు ఫోన్ చేసి, ఫైళ్లు అంత ఆలస్యంగా కదులుతున్నందుకు కారణమడిగారు. ఆలస్యం కాదు, దూరం అని అవధాని గారు చెప్పారు.

ఆగస్టు పదిహేనున మాకు సెలవు. గవర్రాజు గారికి మామూలు పనిదినం. జెండా ఎగరేసి అందరం వెళ్లిపోయాక ఆయన ఒక్కరే పైన కూర్చుని సాయంత్రం ఐదింటిదాకా కరపత్రం దిద్దుకున్నారు.

అంతకు ముందే ఈగల జప్తు జరిగింది. సర్వీసులో ఉన్న ఉద్యోగి ఇంట్లో ఈగలుంటే మండలి స్వాధీనం చేసుకోవాలని ఉంది గానీ, ఎలా చేసుకోవాలో లేదు. అవధాని గారు, నేను, అటెండరు నూకరాజు జీపులో రెండు దుప్పట్లు వేసుకుని వెళ్లాం. మధ్యాహ్నం పన్నెండు. గవర్రాజు గారు ఆఫీసులో జూన్‌లో ఉన్నారు. భాగ్యవతి గారు తలుపు తీశారు.

"ఈగల్ని జప్తు చెయ్యడానికొచ్చామమ్మా," అన్నారు అవధాని గారు.

"చేసుకోండి. సంచి తెచ్చుకున్నారా?" అని ఆవిడ పక్కకి తప్పుకున్నారు.

పెరట్లో మునగచెట్టు కింద రెండు పెట్టెలున్నాయి. వాటి ముందు సన్నగా రొద. అవధాని గారు నాలుగు గజాల దూరంలో ఆగిపోయి జప్తు పత్రం తీశారు. 'స్వాధీనపరచుకొనిన ఈగల సంఖ్య' అని ఒక గడి ఉంది.

"ఎన్నుంటాయమ్మా?"

"నేనెక్కడ లెక్కపెట్టానండీ. సుమారుగా పది పన్నెండు వేలుంటాయంట."

"సుమారుగా అంటే ఒప్పుకోరమ్మా."

"అయితే కూర్చుని లెక్కపెట్టుకోండి. మజ్జిగ ఇస్తాను."

నూకరాజు కాసేపు చూసి, "సార్, ఇందులో ఉన్నవి సగమేనండి. మిగతావి పువ్వుల మీదకి పోయినట్టున్నాయి. సాయంత్రానికొస్తాయి, ఆయ్," అన్నాడు. అవధాని గారు చాలాసేపు ఆలోచించి ఆ గడిలో 'కొన్ని హాజరు. తక్కినవి విధి నిర్వహణలో బయటకు వెళ్లినవి' అని రాశారు. దుప్పట్లు కప్పి పెట్టెలు జీపెక్కించాం. నన్ను మూడు చోట్ల, అవధాని గారిని ఒకచోట కుట్టాయి. ఆయనని కుట్టింది చెవి మీద. చెవి రెండు రోజులు ఎర్రగా ఉంది.

సాయంత్రం మిగతా ఈగలు తిరిగొచ్చి, ఇల్లు కనబడక మునగకొమ్మని పట్టుకుని గుత్తిలా వేలాడాయట. గవర్రాజు గారు ఆఫీసు నుంచి వచ్చి చెట్టు కింద కుర్చీ వేసుకుని చీకటి పడేదాకా వాటినే చూస్తూ కూర్చున్నారు. కాఫీ ఇస్తే తాగలేదు.

"మీరు ఆ డైరీలో ఏదో ఒకటి రాసేస్తే పోయేది కదా," అన్నారు భాగ్యవతి గారు.

"రాసేస్తే పోయేది," అన్నారాయన. ముప్ఫై మూడేళ్లలో మొదటిసారి ఆయన కళ్లలో నీళ్లు చూశానని ఆవిడ మా ఇంట్లో చెప్పారు.

మర్నాడు ఆయనకి ఈగల మీద సంజాయిషీ మెమో ఇచ్చాం. తేదీ జూలై ఇరవై నాలుగు. ఆయన రాసిన జవాబు నేను ఇప్పటికీ ఒక కాపీ దాచుకున్నాను.

'తమ మెమోలోని విషయము జూలై రెండున జరిగినట్లున్నది. ఉత్తర్వుల ప్రకారము నాకు ఈ దినము జూన్ 29 (11). మా ఇంటికి ఇంకను ఈగలు రాలేదు. రాని ఈగలకు సంజాయిషీ ఇవ్వజాలను. జూలై వచ్చినచో ఇచ్చెదను.'

అవధాని గారు ఆయన్ని పిలిపించారు. "మీరే కదండీ ఈగలున్నాయని రాసిచ్చింది?"

"అప్పుడు నేను జూలైలో ఉన్నానండి. తర్వాత మీరే నన్ను జూన్‌కి పంపారు."

అవధాని గారు పుస్తకం తీశారు. మూసేశారు. మళ్లీ తీశారు. నిబంధన ఎటు తీసుకెళితే అటు వెళ్లే మనిషి. ఆయనలో నాకు నచ్చేది కూడా అదే.

"మీరన్నది నిజమే. ఈగలు రాకపోతే జప్తు కూడా ఇంకా జరగలేదు. జరగని జప్తు తాలూకు పెట్టెలు మన వరండాలో ఉండకూడదు. నూకరాజూ, జీపు తియ్యి."

ఆ సాయంత్రం పెట్టెలు మునగచెట్టు కిందకి చేరాయి. కొమ్మ మీది గుత్తి అప్పటికి ఎటో వెళ్లిపోయింది. గవర్రాజు గారు ఉన్నవాటిని రెండు పెట్టెల్లోంచి ఒక పెట్టెలోకి సర్దుకున్నారు.

*

ఆగస్టు గడిచిపోయింది. రత్నకుమారి గారు రోజూ ఉదయం గవర్రాజు గారి గది ముందు ఆగి, "ఏమన్నా వచ్చిందా సార్?" అని అడిగేవారు. "రాలేదమ్మా, ఇరవై తొమ్మిదే," అనేవారాయన. ఇద్దరికీ కావలసింది ఒకటే. ఇద్దరి మధ్యా పేచీ లేదు. అదే వాళ్లని ఇంకా నీరసపెట్టింది.

డైరెక్టరు గారు ఒక ప్రతిపాదన పంపారు. ఆక్లండ్ నుంచి లాస్ ఏంజిలెస్‌కి ఎదురు దిశలో ఎగిరితే ఒకే తేదీ రెండుసార్లు వస్తుంది కాబట్టి, తాను స్వయంగా, ఇద్దరు అధికారులతో, గవర్రాజు గారిని వెంటబెట్టుకుని వెళ్లి పోయిన దినాన్ని తీసుకొస్తానని. తిరుగు ప్రయాణంలో మూడు రోజులు వాతావరణానికి అలవాటు పడడానికి కూడా అడిగారు. పై ఆఫీసు నుంచి ఒకే ఒక ప్రశ్న వచ్చింది. 'అటు నుంచి ఇటు వచ్చునప్పుడు సదరు దినము మరల జారిపడదని హామీ ఏమి?' డైరెక్టరు గారు హామీ ఇవ్వలేకపోయారు.

సెప్టెంబరు మొదటి వారంలో రత్నకుమారి గారు డైరెక్టరు గారి గదిలోకి వెళ్లి, కూర్చోమనకుండానే కూర్చున్నారు.

"సార్, మీరు సంఘాలు వెయ్యగలరు, ఉత్తర్వులివ్వగలరు. ఒక మనిషిని రెండు నెలలు ఒకే తేదీలో ఉంచగలిగారు. మరి ఒక తేదీని ఇంకోరోజుకి మార్చలేరా?"

డైరెక్టరు గారు కుర్చీలో నిటారుగా అయ్యారు. తన అధికారాలు అంతదాకా ఉన్నాయని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

ఉత్తర్వు రెండు రోజుల్లో వచ్చింది. 'పరిపాలనా సౌలభ్యము దృష్ట్యా, మండలి ప్రధాన కార్యాలయ ప్రాంగణము వరకు, సెప్టెంబరు పన్నెండవ తేదీని జూన్ ముప్ఫయ్యవ తేదీగా ప్రకటించడమైనది.'

పన్నెండో తేదీ ఉదయం మేం ఆఫీసుకొచ్చేసరికి గోడ క్యాలెండర్లన్నీ వెనక్కి తిప్పి ఉన్నాయి. గేటు దగ్గర నూకరాజు బయట బెంచీ మీద కూర్చున్నాడు.

"లోపలికి రాలేదేం?" అన్నాను.

"జూన్ ముప్ఫైన మా మరదలి పెళ్లికని సెలవెట్టానండి. సెలవులో ఉన్నోడు లోపలికి రాకూడదన్నారు అవధాని గారు. పెళ్లి మళ్లీ చేయించనా ఏంటండి," అన్నాడు.

డైరెక్టరు గారు కూడా లేరు. జూన్ ముప్ఫైన ఆయన గుంటూరులో క్యాంపు. రికార్డు చెడకూడదని తెల్లవారుజామునే బయలుదేరి గుంటూరు వెళ్లిపోయారు. అక్కడ ఏ పనీ లేదు, అతిథి గృహంలో కూర్చుని ఫోన్లో వీడ్కోలు ప్రసంగం చేశారు. క్యాంటీన్లో పెసరట్టు వేయమని అవధాని గారు చెప్పి పంపారు.

మధ్యాహ్నం మూడింటికి అందరం హాల్లో చేరాం. శాలువా కప్పారు, దండ వేశారు. అవధాని గారు అప్పగింత పత్రం బల్ల మీద పరిచి, "తేదీ, అపరాహ్ణం, స్థలం," అని వేలితో చూపించారు. గవర్రాజు గారు పెన్ను తీశారు. తీసి, అలాగే ఉండిపోయారు.

"అవధాని గారూ, ఇవాళ నిజంగా జూన్ ముప్ఫయ్యేనాండీ?"

భాగ్యవతి గారు ముందు వరసలో ఉన్నారు. కొంగు వేలికి చుట్టుకుంటున్నారు.

"ఉత్తర్వు ఉంది కదండీ," అన్నారు అవధాని గారు.

"ఉత్తర్వు ఉందండి. రోజు సంగతి అడుగుతున్నాను."

అవధాని గారు కిటికీలోంచి బయటికి చూశారు. మొదటిసారి ఆయన పుస్తకం తియ్యలేదు. "నాకు తెలియదండీ," అన్నారు మెల్లగా.

రత్నకుమారి గారు లేచి బల్ల దగ్గరికొచ్చారు. "సార్, మీరు అబద్ధం రాయొద్దు. నేనడగను. ఏది నిజమో అదే రాయండి. అది నన్ను ముంచినా సరే."

ఆయన ఆవిడ వంక చూశారు. పత్రం వంక చూశారు. తర్వాత గుండ్రటి అక్షరాలతో నెమ్మదిగా రాశారు. 'ఉత్తర్వు ప్రకారం జూన్ 30, అపరాహ్ణం, కాకినాడ.' ముందు మాట ఆయన సొంతంగా చేర్చుకున్నది. అవధాని గారు దాన్ని రెండుసార్లు చదివారు. అందులో అబద్ధం లేదు, నిబంధనకి విరుద్ధమైనదీ లేదు. సీలు వేశారు. మేం చప్పట్లు కొట్టాం.

గేటు దాటుతున్నప్పుడు భాగ్యవతి గారు అడిగారు. "అయ్యిందా?"

"అయ్యింది."

"ఇంతకీ ఏ తేదీన?"

"అది అడక్కు," అన్నారు గవర్రాజు గారు. ఇద్దరూ ఆటో ఎక్కారు. ఆటోలో ఆయన దండ తీసి వాసన చూసుకుంటూ, బంతిపువ్వులు ఈగలకి పనికొస్తాయా రావా అని ఏదో చెబుతూనే ఉన్నారట ఇల్లు చేరేదాకా.

మర్నాడు ఉదయం పదిన్నరకి రత్నకుమారి గారు బాధ్యతలు తీసుకోవడానికి వచ్చారు. కొత్త పెన్ను తెచ్చుకున్నారు. అవధాని గారు రిజిస్టరు తెరిచి, నొసలు చిట్లించి, మూసేశారు.

"ఏమైందండీ?" అన్నారావిడ.

"జూన్ ముప్ఫై అపరాహ్ణం ఖాళీ అయిన కుర్చీలో జూలై ఒకటి పూర్వాహ్ణం కూర్చోవాలమ్మా. మధ్యలో ఖాళీ ఉండకూడదు. పేజీ నూట పదిహేను. నిన్న జూన్ ముప్ఫై. ఇవాళ చూస్తే సెప్టెంబరు పదమూడు. జూలై ఒకటి రాలేదు."

నేను టైపు మిషను ముందు కూర్చుని కొత్త మెమో కాగితం ఎక్కించాను. ఇంకో సంఘం, ఇంకో నిమ్మకాయ తప్పవనుకున్నాను. రత్నకుమారి గారు మాత్రం రిజిస్టరు తన వైపు తిప్పుకుని, పెన్ను మూత తీసి, తేదీ గడిలో 'నిన్నటికి మర్నాడు, పూర్వాహ్ణం' అని రాసి సంతకం పెట్టారు.

అవధాని గారు దాన్ని చాలాసేపు చూశారు. పుస్తకంలో మూడు చోట్ల వెతికారు. నిన్నటికి మర్నాడు ఉండకూడదని ఎక్కడా లేదు. కళ్లద్దాలు తీసి జేబులో పెట్టుకుని, దాని కింద తన పొట్టి సంతకం పెట్టి, "కూర్చోండి మేడమ్," అన్నారు.